మోత: డబుల్ బేస్ మోసినవాడి అనుభవ పాఠాలు

హోసూరులో ఉండే మా చెల్లెలి మనవరాలు కాలేజీ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తుంది. మొన్న మామిడికాయల కాలంలో మా ఊరు కల్లావి వచ్చినప్పుడు, మూలగదిలో దుప్పటి కప్పి నిలబెట్టినదాన్ని చూసి, "తాతా, ఇదేనా నువ్వు మద్రాసులో వాయించింది? నేను ఇది నేర్చుకుంటే బతకొచ్చా?" అని అడిగింది. ఆ పూట జవాబు చెప్పలేదు. మామిడిటెంక చీకుతూ చెప్పే జవాబు కాదది. పిల్ల ఊరెళ్లాక ఒక రూళ్ల పుస్తకం తెప్పించుకుని, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తూ పోయాను. అంకెలు వేసింది వరస కోసం కాదు. మధ్యలో మజ్జిగ తాగడానికి లేస్తే ఎక్కడ ఆపానో తెలియడానికి.

1. వాయిద్యాన్ని నేనే ఎంచుకున్నానని మురిసిపోకు తల్లీ. నేను 1964లో సామల్పట్టి స్టేషన్లో రైలెక్కింది ఫిడేలు నేర్చుకోవడానికి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. పురసవాక్కంలో ఒక ఆంగ్లో ఇండియన్ మాస్టారు నోటేషన్ నేర్పుతాడంటే వెళ్లాను. ఆయన నా ఫిడేలు వినలేదు. చేతులు చూపించమన్నాడు. మా నాయన కపిల తోలేవాడు, బావి దగ్గర తాడు పట్టి పట్టి నా అరచేతులు అప్పటికే కాయలు కాసి ఉన్నాయి. వేళ్లు పట్టి సాగదీసి చూసి, మూలన నిలబెట్టిన నిలువెత్తు డబుల్ బేస్ కేసి గడ్డం ఊపాడు.

నా చేతుల్లో ఏదో వరం ఉందని కాదు. ఆర్కెస్ట్రాలో ఫిడేళ్ల కోసం ఇరవైమంది క్యూలో ఉంటే, బేస్‌కి ఇద్దరు కూడా లేరు. అంతే సంగతి. చాలా ఏళ్లకు తెలిసింది, ఇటలీలో బొత్తెసీని కథా ఇదేనని. 1835లో మిలాన్ సంగీత కళాశాలకు వెళ్తే స్కాలర్‌షిప్ సీట్లు రెండింటికే మిగిలాయట, బసూన్‌కి, డబుల్ బేస్‌కి. ఆయన బేస్ పట్టాడు. ఆ వాయిద్యానికి ఆయనంత పేరు తెచ్చినవాళ్లు ఆ శతాబ్దంలో అరుదు. 1871 డిసెంబరు 24న కైరోలో వెర్డీ 'ఐదా' మొదటిసారి ప్రదర్శించినప్పుడు కండక్టరు కూడా ఆయనే. నేను బొత్తెసీనిని కాలేదు. కానీ ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోవడం నామోషీ కాదని ఇద్దరికీ తెలుసు.

2. ముందు మోయడం నేర్చుకో. తర్వాత వాయించొచ్చు. మేం వాడేది ఎక్కువగా త్రీ క్వార్టర్ సైజు అంటారు. పేరుకే ముక్కాలు, నిలబెడితే ఆరడుగులు. బరువు పది కిలోలకు అటూ ఇటూ. బరువుతో చిక్కు లేదు, ఆకారంతోనే. బియ్యం మూటైతే భుజాన వేసుకుంటాం. దీన్ని కావిలించుకుని నడవాలి, గోడ మూల ఒక్కటి తగిలితే నెల రోజుల కూలి పోతుంది.

మొదట్లో దానికి మల్లు గుడ్డతో తెల్లటి తొడుగు కుట్టించాను. చేతితో లాగే రిక్షా అప్పటికింకా మద్రాసులో ఉండేది. సీటు మీద దాన్ని ఏటవాలుగా పడుకోబెట్టి, పడిపోకుండా ఒక చెయ్యి వేసి, నేను పక్కన నడిచేవాణ్ని. ఒకరోజు ఆర్కాట్ రోడ్డు మీద ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి బుట్ట కింద పెట్టి దండం పెట్టింది. టీకొట్టు దగ్గర ఇద్దరు లేచి నిలబడ్డారు. తెల్లగుడ్డ, పొడవాటి ఆకారం, పక్కన తలవంచుకుని నడిచే కుర్రాడు. వాళ్ల తప్పేముంది? ఆ రాత్రే తొడుగును కాచు రంగులో ముంచాను. ఆ తర్వాత దండాలు ఆగాయి గానీ బస్సు కండక్టర్లు మాత్రం రెండు టికెట్లు కొట్టడం మానలేదు.

1959లో వచ్చిన 'సమ్ లైక్ ఇట్ హాట్' అనే అమెరికా సినిమాలో జాక్ లెమన్ డబుల్ బేస్ వాయించేవాడి వేషం వేశాడు, అతని బేస్‌కి తుపాకి గుళ్లతో చిల్లులు పడతాయి. హాలంతా నవ్వుతుంటే నాకు కడుపులో తిప్పింది.

ఇందులో పాఠం ఏమిటంటే, ఎవరు పిలిచినా వాయించే కూలి వేరు, బండి కూలి వేరు అని ముందే చెప్పు. నేను మొదటి మూడేళ్లు నోరు విప్పక, వచ్చినదాంట్లో మూడో వంతు రిక్షావాడికే ఇచ్చాను. తర్వాత తెలివి తెచ్చుకుని వడపళనిలో, విజయా వాహినీ స్టూడియోకి నడిచి వెళ్లగల దూరంలో గది తీసుకున్నాను. 'చందమామ' అచ్చయ్యేది కూడా ఆ వడపళనిలోనే. కల్లావిలో తమిళ బడిలో చదివి, చందమామ చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. ఆ ప్రెస్సు ముందు నుంచి నడుస్తున్నప్పుడల్లా నాకు బేస్ కాస్త తేలికయ్యేది.

3. వినిపించలేదని ఏడవకు. ఇది నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసింది కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

నేను వాయించిన మొదటి సినిమా పాట రేడియోలో వస్తుందని తెలిసి సెలవు పెట్టుకుని ఊరొచ్చాను. పంచాయతీ రేడియో దగ్గర మా అమ్మ, మేనత్తలు, ఇరుగుపొరుగు, అందరూ. పాట వచ్చింది. అమ్మ చెవి ఒగ్గి విని, "అది ఫిడేలు, అది పిల్లనగోవి, అది తబలా. నీది ఏదిరా?" అంది. నాకూ వినిపించలేదు! ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చింది. మేనత్త ఒకామె, "వీణ్ని వెనకాల నిలబెట్టి వాయించినట్టు నటించమంటారేమో" అని నవ్వింది. ఆ మాట పదేళ్లు మోశాను.

తప్పు నాదీ కాదు, స్టూడియోదీ కాదు. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు ఊగుతుంది. అరచెయ్యంత స్పీకరు ఉన్న రేడియో పెట్టెకు అంత కిందికి దిగే శక్తి లేదు. ఆ స్వరం తాలూకు పై పొరలు మాత్రం కొన్ని బయటికొస్తాయి, వాటిని పట్టుకుని చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. అంటే మా అమ్మ విన్న పాటలో నేనున్నాను. నన్ను విడిగా ఏరి చూపించడమే కుదరదు.

ఆ సంక్రాంతికి అదే సినిమా ఊత్తంగరై టూరింగ్ టాకీసుకు వచ్చింది. అమ్మను బెంచీ టికెట్టుకు తీసుకెళ్లాను. తెర పక్కన నిలువెత్తు స్పీకరు పెట్టె. పాట మొదలైంది. రెండో చరణం ముందు నేను బో పెట్టి లాగిన ఒక పొడుగు స్వరం ఉంటుంది. అది రాగానే అమ్మ పాట వినడం మానేసి, కూర్చున్న చెక్క బెంచీ మీద అరచెయ్యి ఆనించింది. నా వైపు తిరిగి, "ఇదా?" అంది. అవునన్నాను. పాట అయిపోయేదాకా చెయ్యి తీయలేదు. ఊరంతా తర్వాత పాట బాగుందన్నారు. అమ్మ మాత్రం, "బల్ల బాగా మోగింది" అంది. నాకు వచ్చిన మెప్పుల్లో అంతకన్నా పెద్దది లేదు.

4. పెన్సిలు లేకుండా ఇల్లు కదలకు. ఆ రోజుల్లో పాట అంటే గాయకుడు, నలభైమంది వాయిద్యాలవాళ్లు ఒకేసారి, ఒకే టేకు. ఎవరు జారినా మళ్లీ మొదటి నుంచి. బేస్‌కి నొటేషన్‌లో వాయించే బార్లకన్నా లెక్కపెట్టుకుంటూ నిలబడే బార్లు ఎక్కువ. ఒకసారి పదహారు బార్ల మౌనాన్ని పదిహేనుగా లెక్కపెట్టి దిగిపోయాను. పన్నెండో టేకు అది, అప్పటిదాకా అంతా ముత్యంలా వచ్చింది. ఎవరూ తిట్టలేదు. నలభై జతల కళ్లు ఒక్కసారి వెనక్కి తిరిగాయి, అంతే. గాయకుడు ఫ్లాస్కులో వేడినీళ్లు తాగి, ఏమీ అనకుండా మళ్లీ మైకు దగ్గరికి వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆనాటి నుంచి ప్రతి మౌనం మీదా పెన్సిలుతో ఎవరు వాయించాక దిగాలో రాసుకునేవాణ్ని: ఫ్లూటు దిగాక, వీణ మీటు రెండోది. అంకెలు జారతాయి గానీ చెవి గుర్తు జారదు.

ఏడింటి కాల్‌షీట్ అంటే ఆరున్నరకు తీగ శృతి చేసుకుని నిలబడాలి. ఇది విడిగా పాఠమనుకోను, పళ్లు తోముకోమన్నట్టే.

5. తంబురాకు, బేస్‌కు తేడా తెలిసేదాకా మన పాటకు వాయించలేవు. తంబురా షడ్జ పంచమాల మీద కూర్చుంటుంది, కదలదు. కచేరీకి అది చాలు. సినిమా పాటలో బేస్ కదులుతుంది, కదిలినప్పుడు పైనున్న రాగం రంగు మారుతుంది. ఇది నీ గిటార్ మీదే చేసి చూడు. మోహన తెలుసుగా, స రి గ ప ద. పైన ఎవరినైనా పాడమను. కింద నువ్వు షడ్జం మీద నిలబడితే పెళ్లివారిల్లు. ఇప్పుడు ఆ పాడేవాళ్లని ఆపకుండా నువ్వు మంద్ర ధైవతానికి దిగు. పైన ఒక్క స్వరమూ మారలేదు. కానీ శుద్ధ ధన్యాసి నీడ పడుతుంది, ఇంట్లో ఎవరో ఊరెళ్లిపోయినట్టు ఉంటుంది. రిషభం పట్టుకుంటే మధ్యమావతి వాసన, గాంధారం పట్టుకుంటే హిందోళం. మనవాళ్లు దీన్నే గ్రహభేదం అంటారు. పాడేవాళ్లు కష్టపడి స్వరం జరిపి చూపించేదాన్ని, బేస్ వాయించేవాడు ఒక్క వేలు జరిపి చేసేస్తాడు.

అందుకే ఆ వేలు ఇష్టమొచ్చినట్టు జరపకూడదు. సాలూరి రాజేశ్వరరావు గారి తరం రాగం చెడకుండా పాశ్చాత్య వాద్యబృందాన్ని పాట కిందికి ఎట్లా తెచ్చిందో కూర్చుని విను. తర్వాత ఇళయరాజా. బేస్‌ను నేలగా వదిలేయకుండా దానికీ ఒక పాట ఇచ్చిన మనిషి. 1986లో వచ్చిన ఆయన 'హౌ టు నేమ్ ఇట్?' లో బాఖ్ పద్ధతి, కర్ణాటక పద్ధతి ఒకే అరుగు మీద కూర్చుంటాయి. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీ 'వేలియంట్' వాయించిందని పేపర్లో చదివి, ఆ రోజు ఆ బేస్ వాళ్ల ముందు ఏ నొటేషన్ ఉందో చూడాలనిపించింది. పేపరువాడు అది వెయ్యడుగా!

ఇంకొక్కటి. పైన గొంతు గమకంలో ఊగుతుంటే నీకూ ఊగాలనిపిస్తుంది. ఊగకు. ఉయ్యాల ఊగొచ్చు, దూలం ఊగకూడదు.

6. నీ ఒళ్లూ దాని ఒళ్లూ ఒకటే. పైచెక్క స్ప్రూస్, వెనకచెక్క మేపుల్, వేళ్లు ఆడే పలక నల్లచేవ. వాటిని అతికించేది వజ్రం, జంతువుల తోలు, ఎముకలు కాచి తీసే జిగురు. ఇప్పుడు ఎంత గట్టి జిగురైనా దొరుకుతుంది, అయినా మంచి పనివాడు బేస్ అంచులకు వజ్రమే వాడతాడు. ఎందుకంటే ఎండకు చెక్క ముడుచుకున్నప్పుడు ఎక్కడో ఒకచోట విడిపోవాలి. గట్టి జిగురైతే అతుకు నిలబడి చెక్క పగులుతుంది. వజ్రం అయితే అతుకు తనే విడిపోయి చెక్కను కాపాడుతుంది. వేడినీళ్లు, కాస్త వజ్రం, నాలుగు పట్టీలు ఉంటే సాయంత్రానికి మళ్లీ కలిసిపోతుంది. మద్రాసు ఉప్పుగాలికి ఉబ్బి, కల్లావి ఎండకు ముడుచుకుని, నా బేస్ ఎన్నిసార్లు నోరు తెరిచిందో లెక్కలేదు. ఒక్కసారీ పగల్లేదు.

నేను మాత్రం గట్టి జిగురు బాపతు. ఎడమ భుజం నొప్పని ఏడాది పాటు తెలిసీ, ఒక్క కాల్‌షీట్ వదలకుండా వాయించాను. వదిలితే ఇంకొకణ్ని పిలుస్తారని భయం. చివరికి చెయ్యి ఎత్తి చొక్కా తొడుక్కోలేని స్థితికి వచ్చి మూడు నెలలు ఇంట్లో పడున్నాను. వారం రోజులు ఆగి ఉంటే సరిపోయేదని వైద్యుడు అన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వేళ్ల కొసలకు బొబ్బలు వస్తే చిదపకు, వాటంతట అవి గట్టిపడాలి. తీగను వేళ్ల బలంతో నొక్కకు, భుజం నుంచి చేతి బరువు జారనివ్వు. కపిల తాడు లాగేవాడు కూడా వేళ్లతో లాగడు, ఒంటితో లాగుతాడు. మా నాయన నాకు తెలియకుండానే నేర్పిన పాఠం అది, మాస్టారు కూడా అదే చెప్పాడు, ఇంగ్లీషులో.

తీగల సంగతి. మా రోజుల్లో బేస్ తీగ తెగితే గుండె తెగినట్టే. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌కి పరుగెత్తాలి, అక్కడ లేకపోతే విదేశం నుంచి ఎవరైనా వచ్చేదాకా ఆగాలి. పాత తీగల్ని చుట్టి డబ్బాలో దాచుకునేవాళ్లం. ఇప్పుడు ఫోనులో నొక్కితే ఇంటికొస్తుంది. ధర మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఏడిపించేదే.

7. డబ్బు గురించి సిగ్గుపడకు. ఒక సినిమాకు పద్నాలుగు కాల్‌షీట్లు వాయించాను. పేరు అనవసరం, ఆ కంపెనీ ఇప్పుడు లేదు. "పిక్చర్ రిలీజ్ కానివ్వప్పా" అన్నారు. రిలీజయింది. "వంద రోజులు ఆడనివ్వప్పా" అన్నారు. ఆడలేదు. ఆ పద్నాలుగు కాల్‌షీట్ల డబ్బు నాకు ఇప్పటికీ రావాలి. అందరం విడివిడిగా వెళ్లి అడిగాం, విడివిడిగా వెనక్కి పంపించారు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాసులో వాద్యకారులకు ఒక సంఘం ఉండాలని పట్టుబట్టి నిలబెట్టింది ఇట్లాంటి అనుభవాల మీదనే. సంగీత దర్శకుడై ఉండి వెనక వరసలో నిలబడేవాడి కూలి గురించి మాట్లాడిన మనిషి. నీ ఊళ్లో సంఘం ఉంటే చందా కట్టు. లేకపోతే కనీసం, తేదీ, గంటలు, ఎవరు పిలిచారు, ఎంత అన్నారు అని ఒక పుస్తకంలో రాసుకో.

రెండో ఆదాయం వదలకు. నాకు కల్లావిలో రెండెకరాల మామిడి ఉంది కాబట్టి, పని లేని నెలల్లో ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. ఇద్దరు స్నేహితులకు అది లేదు. వాళ్లు నాకన్నా బాగా వాయించేవాళ్లు.

8. నీ వాయిద్యాన్ని పక్కకు తోసేది వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని వాయించడం నేర్చుకో. ఇది చెప్పడానికి నాకు అర్హత లేదు, ఎందుకంటే నేను చెయ్యలేదు. అమెరికాలో లియో ఫెండర్ 1951లోనే బేస్ గిటార్‌ను అమ్మకానికి పెట్టాడు. ఫ్రెట్లు ఉంటాయి కాబట్టి శృతి తప్పదు, సంకలో పెట్టుకుని స్కూటరెక్కొచ్చు, నేరుగా మిక్సరుకు తగిలిస్తే స్పష్టంగా వినబడుతుంది. మద్రాసులో అది జోరందుకునేసరికి కుర్రాళ్లు గిటార్లతో వచ్చి, చక్కగా గోళ్లు కత్తిరించుకుని, కూర్చుని వాయించేవాళ్లు. కూర్చుని! "అది బొమ్మ" అన్నాను నేను. నా ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. ఫోన్లు తగ్గాయి, అంతే.

మూడేళ్లు పంతం పట్టి, ముప్పై నాలుగో ఏట ఒక సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్ కొన్నాను. తీగల వరస ఒకటే, మి ద రి గ... కాదు, మన స్వరాల్లో చెబితే గందరగోళం. ఈ, ఏ, డీ, జీ. నాకు తెలిసినదే, వారంలో పట్టుబడింది. మూడేళ్ల అహంకారం వారం రోజుల పని! నీది బేస్ గిటార్ నుంచి డబుల్ బేస్ వైపు ప్రయాణం, నాది తిరగేసి. నీకు ఫ్రెట్లు ఉండవు కాబట్టి మొదటి ఏడాది శృతి ఏడిపిస్తుంది. భయపడకు.

ఆ తర్వాత కీబోర్డులు. యమహా డీఎక్స్7 వచ్చింది 1983లో. ఒక్క మనిషి ఎడమ చేతి చిటికెనవేలితో నా పనంతా చేసేస్తుంటే గోడకు ఆనుకుని చూశాను. 1992లో 'రోజా' వచ్చేసరికి పాట తయారయ్యే పద్ధతే మారిపోయింది. నలభైమంది ఒక హాల్లో నిలబడే రోజులు అరుదైపోయాయి. ఇంకోపక్క తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోతోంది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. నన్నూ రమ్మన్నారు. పిల్లల చదువులు మద్రాసులో, అవి తమిళంలో. మేం తెలుగువాళ్లమే గానీ మా రాష్ట్రం తమిళనాడు. హైదరాబాదులో నా తెలుగు విని ఎవరో "మీది ఏ దేశం?" అని అడిగారు కూడా. వెళ్లలేదు. ఆ నిర్ణయం తప్పో ఒప్పో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

9. ముందు వరసను చూసి కుళ్లుకోకు, కానీ ఒక్కసారైనా ముందుకు వచ్చి వాయించు. పాట్రిక్ జ్యూస్కిండ్ అనే జర్మన్ రచయిత డబుల్ బేస్ వాడి మీద ఒక్క పాత్రతోనే ఒక నాటకం రాశాడు, 1981లో దాన్ని మొదటిసారి ఆడారు. అందులో ఆ బేస్ వాడు గది తలుపులు మూసుకుని, ఆర్కెస్ట్రాలో తన స్థానం గురించి గంటల తరబడి గొణుగుతాడు. కథ చెప్పించుకుని విన్నాను, మా వడపళని గది గుర్తొచ్చింది. ఆ గొణుగుడుకు మందు ఒకటే, సోలో నేర్చుకోవడం. మాలర్ మొదటి సింఫనీ మూడో భాగం డబుల్ బేస్ ఒంటరిగా ఎత్తుకుంటుంది. పిల్లల పాట వరసే, శోకంగా మార్చి. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది, పై స్థాయిలో సన్నగా, వణక్కుండా వాయించాలంటే తాతలు దిగొస్తారు.

గ్యారీ కార్ అనే అమెరికన్ ఒక్క సోలోలతోనే జీవితం గడిపాడు. 1967లో బేస్ వాయించేవాళ్లకు అంతర్జాతీయ సంఘం పెట్టింది కూడా ఆయనే. ఎడ్గార్ మేయర్ మన జాకిర్ హుస్సేన్‌తో, బేలా ఫ్లెక్‌తో, రాకేశ్ చౌరాసియాతో కలిసి 'యాజ్ వీ స్పీక్' వాయించాడు, 2024లో దానికి గ్రామీలు వచ్చాయి. తబలా డగ్గా, బేస్ మాట్లాడుకుంటే ఎట్లా ఉంటుందో వినాలంటే అది విను. స్పీకరులో కాదు, చెవుల్లో పెట్టుకుని.

10. ఇప్పుడు నీ ప్రశ్న. బతకొచ్చా? మద్రాసులో నేను బతికినట్టు బతకలేవు, ఆ హాలు లేదు. మన దేశంలో వృత్తి సింఫనీ అంటే 2006లో ముంబైలో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒకటి చెప్పుకోవాలి, అందులోనూ చాలా కుర్చీల్లో విదేశాలవాళ్లు. చెన్నైలో 2008 నుంచి ఏ.ఆర్. రెహమాన్ గారి కేఎం కన్జర్వేటరీ ఉంది, పద్ధతిగా మొదలుపెట్టడానికి. విదేశీ ఆర్కెస్ట్రాల పరీక్షలో చాలాచోట్ల నీకూ వాళ్లకూ మధ్య తెర కడతారు, ముఖం కనబడదు, బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో బేస్ మాట్లాడినట్టు పలికే చోట్లు వాయించమంటారు. ఒక్క కుర్చీకి దేశదేశాల నుంచి వస్తారు. జాజ్ అయితే వేరే తోవ. రాన్ కార్టర్ రెండువేలకు పైగా రికార్డింగుల్లో వాయించి గిన్నిస్ పుస్తకం ఎక్కాడు. ఎన్నిట్లో ఆయన పేరు పైన ఉంటుందో నువ్వే లెక్కపెట్టుకో.

ఆడపిల్లవు, ఇంత పెద్దది మోయగలవా అని మీ నాన్న అడుగుతాడు. 2011లో గ్రామీవాళ్లు కొత్త కళాకారులకిచ్చే బహుమతి జస్టిన్ బీబర్‌కి కాక ఎస్పెరాంజా స్పాల్డింగ్‌కి ఇచ్చారని చెప్పు. ఆమె డబుల్ బేస్ వాయిస్తూ పాడుతుంది. నీ గిటార్ దారిలోనే మోహినీ డే ఉంది, రెహమాన్‌తో వాయించిన పిల్ల. మోయడం గురించి రెండో పాఠం మీ నాన్నకు చదివి వినిపించు.

నా మాట అడిగితే, గిటార్‌తో కూలి సంపాదించుకో, దీంతో చెవి సంపాదించుకో. రెండూ ఉంటే ఎవరో ఒకరు పిలుస్తారు.

11. ఆఖరిది పాఠం కాదు, సమాచారం. పోయిన ఆడినెలలో మారియమ్మ జాతర ఊరేగింపు మన వీధిలోకి వచ్చింది. తవిళ్లు, పంబ, వెనకాల ఉరుమి. ఉరుమి తెలుసుగా, ఒక పక్క వంపు పుల్లతో తోలును రుద్దుతారు, మూలిగినట్టు మోగుతుంది. చిన్నప్పుడు దానికి భయపడి అమ్మ కొంగు పట్టుకునేవాణ్ని, తర్వాత బో పట్టి మొదటిసారి లావు తీగ మీద లాగినప్పుడు ఇది మన ఉరుమే అనిపించింది. ఆ రోజు ఊరేగింపు మన గుమ్మం ముందు ఆగినప్పుడు నేను మూలగదిలో ఉన్నాను. ఇరవై ఏళ్లుగా ముట్టనిది, దుప్పటి కింద నుంచి అదే స్వరం అందుకుని సన్నగా మోగింది. దుప్పటి తీసి చెయ్యి ఆనించాను. ఒక తీగ వదులైపోయింది, కింది అంచున రెండు చోట్ల నోరు తెరిచింది, మిగతాది బాగానే ఉంది.

తిరుపత్తూరు నుంచి వడ్రంగిని రమ్మన్నాను. వజ్రం తెచ్చుకుంటానన్నాడు. నువ్వు దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ లావు తీగ ఒకటి, గుగ్గిలం బిళ్ల ఒకటి తీసుకురా. పెద్ద కారు మాట్లాడుకో, వెనక సీటు మడిచేది. బండి కూలి నేనిస్తాను.